చెయ్యి కనబడేంత సందు

మా మల్లేశం బావ చాళీ కడుతున్నాడన్న సంగతి భివండీలో అందరికీ తెలిసిపోయింది, ఒక్క మల్లేశం బావకు తప్ప.

చాళీ అంటే వరస గదుల కిరాయి ఇల్లు. గదులన్నిటికీ కలిపి ఒకటే వరండా. ఆ వరండాలోనే బట్టలు, అప్పడాలు, ఇంటి గుట్లు ఆరేసుకుంటారు. ధామన్‌కర్ నాకా కూడలిలో నా సిమెంటు దుకాణం షట్టర్ సగమే ఎత్తాను. ఆ సగంలోంచే ఆటో రూపేష్ వంగి లోపలికి వచ్చేశాడు.

"నర్సింగం సేఠ్, మీ బావకు చెప్పి నాకొక గది ఇప్పియ్యాలె."

"ఏ గది?"

"చాళీల గది."

"ఏ చాళీరా?"

"ఇగ చాలియ్యి సేఠ్ నాటకాలు! వరాలా తలావ్ కాడ మీ బావ కడుతున్న చాళీ!"

చాళీ, చాలియ్యి! మాటలతో ఆడుకోవడం ఈ నాకాలో నా ఒక్కడి గుత్త అనుకుంటే పొద్దున్నే పోటీదారుడు దిగాడు. ఆ ఉక్రోషంలో అసలు సంగతి అడగడం మరిచిపోయాను.

మధ్యాహ్నానికి ఇద్దరు ఆడవాళ్లు తిన్నగా బావ కార్ఖానాకే వెళ్లారట. బావ గుడ్డ బేరం అనుకుని "ఎన్ని మీటర్లు?" అన్నాడు. "పది బై పది చాలు, కాకపోతే స్నానాల మోరీ లోపల్నే ఉండాలె" అన్నారు వాళ్లు. ఇన్నేళ్లుగా గుడ్డ నేస్తున్న బావ స్నానాల మోరీ ఉన్న గుడ్డ ఎక్కడా చూడలేదు. పంట్లాం గుడ్డా, పరుపు గుడ్డా అని కాసేపు ఆలోచించి, ఏమీ తోచక నాకు ఫోను చేశాడు.

సాయంత్రం బావ ఇంట్లో పంచాయితీ కూర్చుంది. బావ, మా గంగాబాయి అక్క, నేను, ఇంజనీరు రూత్.

రూత్ బావ ఎదురింటి మోషే, లీదియాల బిడ్డ. ఠాణేలో చదివి ఇళ్లు గీసే పనిలోకి దిగింది. రూత్ రూటే వేరు. సిమెంటు తగ్గించి సున్నం పెంచుతుంది, కొత్త ఇటుకను వద్దని పాత ఇటుకను ఏరుకుంటుంది, ఏసీ అడిగితే గాలి ఎటు నుంచి వస్తుందో చూపిస్తుంది. సిమెంటు అమ్ముకు బతికే నాకు ఆ పిల్ల ఎట్లా కనబడాలో మీరే చెప్పండి. అయినా ముద్దుగానే కనబడేది. చిన్నప్పుడు నా దుకాణం ముందర ఇసుకలో ఇళ్లు కట్టిన పిల్ల.

"మామా, నిన్న కార్ఖానాల కొలతలు తీసుకుంట నేనేమన్న? ముందటి గోడకు జాళీ పెడదామన్న. జాళీ! ఇటుకల నడుమ సందులు ఇడిసి కట్టే గోడ. చాళీ అని నేనెప్పుడన్న?" అన్నది రూత్.

"సాంచెలు నడుస్తున్నయి కద బిడ్డా. నాకు నీ మాట సగమే అందింది," అన్నాడు బావ. సాంచె అంటే మాకు పవర్‌లూమ్ మగ్గం. "నేనైతే ఎవ్వరికీ చెప్పలే. మరి జాళీని చాళీగ మర్లేసిందెవరు?"

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"బావా, నేను మాటలు మర్లేస్త గని ఇండ్లు మర్లెయ్య! జాళీ పేరు జెప్పి నా మీద జెర జాలన్న సూపియ్యుండ్రి..."

బావ అరచెయ్యి కిందికి తిప్పి గాలిలో ఒక్క నొక్కు నొక్కాడు.

ఈ సైగ గురించి చెప్పాలి. సాంచెల మోతలో నోటి మాట పనిచెయ్యదు. అందుకే కార్ఖానాల్లో పెదవులు చూసి మాట తెలుసుకుంటారు, మిగతాది చేతులతో చెప్పుకుంటారు. అరచెయ్యి కిందికి తిప్పి నొక్కితే 'సాంచె ఆపు' అని. మా ఇంట్లో ఆ సైగతో ఆగిన సాంచెల కంటే ఆగిన నా మాటలే ఎక్కువ.

చాళీ నేరం నా మీదే ఖాయమైంది. ఆ రోజు నుంచి నాకాలో నా పేరు చాళీ నర్సింగం. అక్క మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. రూత్ మొహం వంక కాసేపు అట్లాగే చూసి, ఖాళీ గ్లాసులు ఏరుకుని, గల్లీ వైపు కిటికీ దగ్గరకు పోయి నిలబడింది.

ఇంటి సంగతికి వస్తాను. బావ కొడుకు రితేష్ అంజూర్ ఫాటా దగ్గర పెద్ద షెడ్డు తీసుకున్నాడు. సాంచెలన్నీ అక్కడికి పోతాయి. ఇక్కడి పాత కార్ఖానా, దాని పక్కనే ఉంటున్న రేకుల గదులు రెండూ పడగొట్టి ఆ జాగాలోనే ఇల్లు కట్టాలని బావ కోరిక. ఎందుకో, ఇల్లు కట్టే ఠేకేదారును, రూత్‌ను పిలిపించి కూర్చున్న రోజు ఆయనే చెప్పాడు.

"మీ అక్క పెండ్లయి వచ్చిన కాడి నుంచి ఈ మోతలనే ఉన్నది. మన సాంచెలు పోయినా గల్లీల అందరియి నడుస్తనే ఉంటయి. అందుకే ముందటికి కిటికీలు వద్దు. మందం గోడ, ఏసీ. ఆమెకు సప్పుడు లేని ఇల్లు కట్టిస్త."

ఠేకేదారు దేవయ్య అక్కడికక్కడే తల ఊపాడు. దేవయ్యకు కిటికీ లేని గోడంటే ప్రాణం. గోడ తొందరగా లేస్తుంది, వడ్రంగి గోల ఉండదు. "మస్తుగుంటది సేఠ్! ఏసీ ఏసి, తలుపేసి పండుకుంటే లోకం తోటి పని లేదు. ఇగో, ఈడ ఒక పెద్ద బీము ఏస్త."

"బీములన్నీ అంజూర్ ఫాటాకు పోతున్నయి కదనే!" అన్నాడు బావ. నేతగానికి బీము అంటే పడుగు చుట్టిన రోలరు. దేవయ్యకు కాంక్రీటు. ఇద్దరూ ఒకరి బీము ఒకరికి అర్థంకాక కొంతసేపు భీముల్లాగే తలపడ్డారు. నేను విడదీశాను.

రూత్ వదల్లేదు. "మామా, అది పడమటి గోడ. దినమంత ఎండను మింగుతది, పొద్దుమూకినంక ఇంట్లకు కక్కుతది. కరెంటు పోతే లోపలున్నోళ్లు ఉడుకుతరు. పొద్దుగూకే యాళ్లకు తలావ్ నీళ్ల మీది గాలి సక్కగ ఈ గల్లీకే వస్తది. దాన్ని రానియ్యరాదు?"

గాలి అనగానే బావ మొహం ముడుచుకుంది.

తక్కిన లోకానికి గాలి అంటే హాయి. మా నేతవాళ్లకు అది దొంగ. గాలి తగిలితే నూలు ఆరిపోతుంది, ఆరిన పోగు పుటుక్కుమంటుంది, దూది నలుసు లేచి కంట్లో పడుతుంది. అందుకే కార్ఖానాలో కిటికీలు మేకులు కొట్టి బిగించి, నేల మీద నీళ్లు చల్లి, చెమటలో మునిగి పని చేస్తారు. బావ జీవితంలో ఆడింది ఒకటే పేక, సాంచె మీది పేక; భయపడింది ఒకదానికే, గాలికి. ఆ భయం ఆయనతో పాటే ఎక్కడికైనా వస్తుంది. లోకల్ రైలు ఎక్కితే కిటికీ దించుతాడు. నా పెళ్లిలో మంటపం కిటికీలన్నీ మూసి తిరిగాడు. పీటల మీద కూర్చున్న మేమిద్దరం తలంబ్రాలకు ముందే చెమటతో తడిసి ముద్దయ్యాం.

"ఇంట్ల పోగులేడున్నయి మామా, తెగెతందుకు?" అన్నది రూత్.

బావ లేచి, ఆమె వెనకాల తెరిచి ఉన్న కిటికీ మూసి వచ్చి కూర్చున్నాడు.

ఒక్క విషయంలో మాత్రం రూత్ నెగ్గింది. కార్ఖానా పడగొట్టినప్పుడు ఇటుకలు, పైకప్పు పెంకులు లారీలో ఎత్తి పారెయ్యొద్దన్నది. "ఇన్ని వానలు తిన్న ఇటుక. ఒక్కటన్న కరగలే. కొత్తయి కాల్చుడెందుకు?" అన్నది. తెగిన పోగులు కూడా పారెయ్యకుండా సంచిలో దాచే బావకు ఆ మాట వెంటనే ఎక్కింది. ఇటుకలు ఒక మూల, పెంకులు ఒక మూల కుప్ప పడ్డాయి. నా దుకాణంలో కొత్త సరుకు నా వంక దిగులుగా చూసింది.

అదే గల్లీలో ఒక కిరాయి గదిలోకి మారి, మంచిరోజు చూసి ముగ్గు పోశారు. ఇల్లు కట్టే ముందు నేల మీద ముగ్గుపిండితో గోడల గీతలు గీయడం మాకు ఆనవాయితీ. తెల్లటి గీతల్లో గదులన్నీ పరుచుకున్నాయి. కొబ్బరికాయ కొట్టాక అక్క ఆ గీతల మధ్య నడిచింది. లేని తలుపులోంచి లోపలికి వెళ్లింది, లేని వంటింట్లో నిలబడింది, అక్కడ నుంచి ముందు గదిలోకి వచ్చి గల్లీ వైపు తిరిగి ఆగింది. గల్లీ అవతల లీదియా తన గడపలో కూర్చుని కండెలు చుట్టుకుంటోంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడాలో పెట్టే చిన్న నూలు చుట్టలే కండెలు. ఈమె కార్ఖానా గుమ్మంలో, ఆమె గడపలో, ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుని చుట్టిన కండెలు కలిపితే భివండీని ఎన్నిసార్లు చుట్టెయ్యొచ్చో!

"ఈడ కిటికీ ఏది?" అన్నది అక్క.

బావ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. "లేదు. గోడనే. సప్పుడు రాకుంట. నీ కోసమే."

అక్క కాసేపు కింద గీత వంక చూసింది. తర్వాత కాలి బొటనవేలితో ఆ గీతను కొంచెం చెరిపింది. ఒక మనిషి తల పట్టేంత జాగా. చెరిపి, ముగ్గు దాటి బయటకు వచ్చేసింది.

"నేనీ ఇంట్లకు రాను."

"ఏందీ?"

"మీరుండుండ్రి, ఏసీల. నేను ఆ కిరాయి అర్రల్నే ఉంట. దానికి గల్లీ దిక్కు కిటికీ ఉన్నది."

ఎందుకని ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు. బావ తెల్లబోయాడు, ముగ్గుకూ మొహానికీ తేడా లేకుండా పోయింది. "ఆమె కోసం కడుతుంటె ఆమెనే రానంటది. ఇగ ఎవ్వరి కోసం కట్టాలె?" అని దేవయ్యను పని ఆపమన్నాడు. దేవయ్య నా వైపు చూశాడు, ఈ నేరం కూడా నాదేనేమోనని.

పని ఆగినా అక్క మాత్రం రోజూ ఆ జాగాకే వచ్చేది. ఇటుకల కుప్ప దగ్గర కూర్చుని, ఒక రేకుముక్కతో పాత సున్నం గోకి, ఒక్కొక్క ఇటుకా శుభ్రం చేసి పేర్చేది. రానన్న ఇంటికి అంత సేవ ఎందుకో నాకు అంతుపట్టలేదు.

ఒకరోజు ఎండ తిరిగిన వేళ బావా నేనూ అక్కడ ఉన్నాం. అక్క మాకు వీపు పెట్టి కూర్చుని ఇటుక గోకుతోంది. గల్లీ అంతా సాంచెల మోత. ఉన్నట్టుండి కరెంటు పోయింది.

సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. భివండీలో నిశ్శబ్దం కూడా చప్పుడులాగే మీద పడుతుంది. ఎవరింట్లోనో గిన్నె జారింది, ఎక్కడో పసిపిల్ల ఏడ్చింది, తలావ్ వైపు నుంచి కాకి అరుపు వినబడింది.

"గంగా," అన్నాడు బావ.

మెల్లగానే అన్నాడు. ఆయన అక్కను వెనక నుంచి పేరుతో పిలవడం నేనెప్పుడూ వినలేదు. కార్ఖానాలో పిలవాలంటే ఎదురుగా పోవాలి, లేదంటే భుజం తట్టాలి. ఇల్లూ కార్ఖానా పక్కనే కాబట్టి ఇంట్లోనూ అదే అలవాటు.

అక్క తిరగలేదు.

"గంగా! నీళ్లు తాగుతవా?"

రేకుముక్క ఇటుక మీద గరగరా నడుస్తూనే ఉంది.

"అక్కా!" అని నేను అరిచాను. నా గొంతు మామూలుది కాదు. నాకాలో అరిస్తే అంజూర్ ఫాటాలో లారీలు పక్కకు జరుగుతాయంటారు. పక్కింటి మేక ఉలిక్కిపడి తాడు తెంపుకోబోయింది. అక్క మాత్రం కదల్లేదు.

అప్పుడు గల్లీ అవతల గడపలో లీదియా తలెత్తింది. మమ్మల్ని చూసింది. అక్క వైపు చెయ్యి ఊపి, బొటనవేలు వెనక్కి చూపించి, రెండు వేళ్లు పెదవులకు ఆనించి తీసింది. వెనక. పిలుస్తుండు.

అక్క వెంటనే తిరిగింది. "ఏందయ్యా?" అన్నది నవ్వుతూ, అప్పుడే విన్నట్టు.

బావ నడిచి వెళ్లి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పెదవులు నిదానంగా కదుపుతూ, "నీళ్లు తాగుతవా?" అన్నాడు.

"ఇందాకనే తాగిన," అన్నది అక్క, మళ్లీ ఇటుక అందుకుంటూ.

బావ నా చెయ్యి పట్టుకుని గల్లీ చివరి దాకా నడిపించుకు పోయాడు. కరెంటు వచ్చింది, సాంచెలు ఒక్కొక్కటే లేచాయి. ఆ మోతలోనే నా చెవి దగ్గర చెప్పాడు.

"నర్సింగం, వినబడని మనిషికి సప్పుడు లేని ఇల్లు కడుతున్నరా నేను."

"నీకు మాత్రం ఎట్ల తెలుస్తది బావా? ఎప్పుడూ ఎదురుంగనే మాట్లాడితిరి."

"ఆమె చెవి ఆ గడపల కూసున్నది. నడుమ గోడ లేపుతున్న. రానంటే రాదా మరి?" మొహం తుడుచుకున్నాడు. "ఆమెతోని ఏం అనకు. ఇన్ని దినాలు దాసుకున్నదంటే అది ఆమెది. చెప్పాలనుకున్ననాడు ఆమెనే చెప్తది."

మర్నాడు పొద్దున్నే రూత్‌ను పిలిచాడు. "బిడ్డా, ముందటి గోడకు జాళీ పెట్టు."

"గాలి వస్తది మామా," అన్నది రూత్ అనుమానంగా.

"రానియ్యి. ఎట్లుంటదో నేను గూడ సూస్త. గని ఒక్క మాట. లోపల కూసున్న మనిషికి మీ అమ్మ చెయ్యి కనబడాలె. వేళ్లతో సహా."

రూత్ ఆయన మొహంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. లీదియా కూతురు కదా.

"కిటుకంతా కిటికీల్నే ఉన్నదన్నట్టు," అన్నాను నేను. బావ అరచెయ్యి లేచింది. ఆగాను.

ముందు నమూనా గోడ ఒకటి లేపారు. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా, అక్క శుభ్రం చేసిన ఇటుకలనే సందులు విడిచి పేర్చారు. వాన లోపలికి కొట్టకూడదని రూత్ మొదట సందులు సన్నగా పెట్టింది. గోడ లోపల ఒక పక్కన అక్కను కూర్చోబెట్టి, ఇంకో పక్కన బావ కూర్చున్నాడు. గల్లీ అవతల లీదియా సైగ చేసింది.

"మోషన్న పోయిండంటున్నదిరో!" అని బావ గుండె పట్టుకుని లేచాడు.

"కాదు మామా, కూర పొయ్యి మీద పెట్టిన అంటున్నది," అన్నది రూత్.

సందు పెంచారు. దేవయ్య తల పట్టుకున్నాడు. "మేడం, గింత సందైతే వానకాలం ఇంట్ల ఈత కొట్టాలె. దోమలకు పిలుపు పంపినట్టుంటది."

"ఇటుకను జెర ఏటవాలుగ పెడదాం కాకా. నీళ్లు బయటికే జారుతయి. దోమలకు ఎనక సన్న జల్లెడ తగిలిద్దాం, అది తీసి కడుక్కోవచ్చు," అన్నది రూత్. మళ్లీ పేర్చారు. ఈసారి చెయ్యి కనబడింది గాని వేళ్లు కలిసిపోయాయి. మళ్లీ పేర్చారు. గల్లీ జనం ఆగి ఆగి చూసి పోతున్నారు. నాలుగు ఇటుకలు పేర్చడం, లీదియా ఏదో సైగ చెయ్యడం, బావ తప్పు చదవడం. ఇట్లా ఎన్నిసార్లో.

ఉన్నట్టుండి గోడ వెనక నుంచి అక్క పకపకా నవ్వింది.

మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. లీదియా మాత్రం గడపలో మూతి బిగించి కూర్చుంది. దేవయ్య బొజ్జ వంక చూసి ఆమె చేసిన సైగ ఏమిటో అక్క ఇప్పటికీ చెప్పదు. ఆమె నవ్వు ఆగేదాకా చూసి బావ అన్నాడు: "బిడ్డా, ఈ సందు ఖాయం."

తర్వాత అక్కను చెయ్యి పట్టుకుని, ఆమె బొటనవేలితో గీత చెరిపిన చోటుకు తీసుకుపోయాడు. "ఈ జాగల్నే పెడుతున్న. నువ్వు చెరిపిన కాడ్నే."

అక్క ఆ చోటును చూసింది, గల్లీ అవతలికి చూసింది. "తలుపుకు ఏం రంగేస్తరు?" అన్నది.

మరుసటి రోజు నుంచి పని పరుగెత్తింది. దేవయ్య మాత్రం ఇంకా సణుగుతూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన ఎంతకూ కనబడలేదు. వెతికితే నమూనా గోడ వెనక, తలకింద తువ్వాలు పెట్టుకుని గురక పెడుతున్నాడు. తక్కిన కూలీలంతా పక్కనే వరసగా పడుకున్నారు. బయట రోడ్డు కాలుతోంది. అక్కడ తువ్వాలు అంచు గాలికి ఆడుతోంది. రూత్ ఫోటో తీసింది. దేవయ్య లేచాక, అంజూర్ ఫాటాలో తన ఇంకో పని జాగాకు ఫోను చేసి, "పడమటి గోడ జెర ఆపుండ్రి, నేను వచ్చి చెప్త," అనడం నా చెవులతో విన్నాను.

పాత పెంకులను స్లాబు లోపల ఇమిడ్చారు. పెంకు ఉన్నంత మేర కాంక్రీటు తగ్గింది, కింద నీడ చల్లబడింది. స్లాబు పలచబడితే నా లాభం కూడా పలచబడింది. లోపలి గోడలకు సున్నం, మేడ మీద సున్నం. నాకు మిగిలింది సున్న. అయినా రూత్ నన్ను వదల్లేదు. "బాబాయ్, సున్నం గూడ నువ్వే అమ్మరాదు?" అన్నది. ఇప్పుడు నా దుకాణంలో సున్నం బస్తాలు కూడా ఉన్నాయి. సిమెంటు వ్యాపారిలో కూడా సెంటిమెంటు ఉంటుందని లోకానికి తెలియాలి కదా.

ఇంట్లోకి పోయే రోజు గల్లీ గల్లీ అంతా వచ్చింది. పాలు పొంగాయి. వంట ఇటు సగం, లీదియా ఇంట్లో సగం. అన్నం గుండిగ అటు ఉండడంతో లీదియా గడప వదల్లేదు. ఎవరికి ఏం కావాలో అక్క జాళీలోంచి సైగ చేస్తుంటే అటు నుంచి వస్తోంది. సాయంత్రం తలావ్ గాలి తిరిగింది. జాళీలోంచి ముందు గదిలోకి మెల్లగా దిగి, అందరి చెమటా తుడిచింది. గాలి తగలగానే బావ అలవాటుగా లేచాడు, మూసేద్దామని గోడ దాకా పోయాడు. చెయ్యి ఇటుకల మీద అటూ ఇటూ తడిమింది. మూసే రెక్క లేదు. ఇల్లంతా ఘొల్లుమంది. ఆయనా నవ్వి, అక్కడే జాళీకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"జాళీ మంచిగున్నది సేఠ్," అన్నాడు ఆటో రూపేష్. "గని దీన్ని చాళీ జేసి ఊరంత తిప్పినోడు మాత్రం ఈ నర్సింగం సేఠే! నేను సామాన్లు గూడ కట్టుకుంటి."

"చాళీ నర్సింగం! చాళీ నర్సింగం!" అని అందరూ అందుకున్నారు. వడ్డిస్తున్న అక్క తల తిప్పి జాళీలోంచి చూసింది. ఎందుకు నవ్వుతున్నారని చెయ్యి తిప్పి అడిగింది. గల్లీ అవతల నుంచి లీదియా చేతులు ఆడాయి.

అక్క పళ్లెం కింద పెట్టింది.

"నర్సింగం కాదు. చాళీ అన్నది నేను."

నవ్వు ఆగింది.

"నాకు వినబడది," అన్నది అక్క. "సాంచెలు నడిచినా వినబడది, ఆపినా వినబడది. ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు. పెదవులు సూసి మాట్లాడుత. ఆ దినం కార్ఖానాల నేను గూడ ఉన్న, రూత్ జాళీ అన్నదంట. నోటి మీద జాళీ, చాళీ ఒక్కతీర్గనే కనబడుతయి. అనుండ్రి, మీరే అని సూడుండ్రి."

ఒక్కొక్కరే పక్కవాళ్ల వైపు తిరిగి, గొంతు రాకుండా పెదవులు కదిపారు. జాళీ. చాళీ. ఇల్లంతా పెదవులే. దేవయ్య రూపేష్‌కు చెప్పాడు, రూపేష్ రితేష్‌కు చెప్పాడు. నిజమే. ఎంత చూసినా రెండూ ఒక్కటే.

"నాకు మస్తు సంబరమైంది," అన్నది అక్క. "చాళీ అంటె వరండా ఉంటది, వరండాల మనుషులుంటరు. ఎవరో ఒకరు ఎదురుంగ ఉంటరు. అప్పుడే లీదియాకు కిటికీల నుంచి చెప్పిన, చాళీ కడుతున్నం, కొస గది నీకే అని." ఆగి, జాళీ అవతలికి చూసింది. "నీళ్ల కాడ అందరికి చెప్పింది నేనే అంటున్నది లీదియా."

"మా ఇంటామె నీళ్ల కాడ్నే విన్నది," అన్నాడు రూపేష్ నసుగుతూ. "ఆటోల ఊరంత తిప్పింది నేను."

"మరి ఆ దినమే చెప్పకపోయినవా అత్తా? బాబాయ్‌ని ఇన్ని దినాలు..." అన్నది రూత్.

"చెప్తే చెవుల సంగతి బయటపడుతది కద బిడ్డా. గంగాబాయి చెవిటిదంటరని దాసిన. లీదియాకొక్కదానికే ఎరుక." అక్క బావ వైపు తిరిగింది. "ఈయనకు గూడ తెల్వదు."

బావ జాళీకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు. బొటనవేలు వెనక్కి చూపించి, రెండు వేళ్లు పెదవులకు ఆనించి తీశాడు. వెనక నుంచి పిలిచిన.

అక్క ఆ చేతినే చూస్తూ నిలబడింది. "ఎప్పుడు?"

బావ పెదవులు నిదానంగా కదిపాడు. "కరెంటు పోయిననాడు."

అక్క కళ్లు జాళీ మీదికి పోయాయి, ఒక్కొక్క సందు మీదికీ పోయాయి, మళ్లీ బావ దగ్గరకు వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంది. ఇంతకాలం మోసిన నేరం దిగిపోయింది కదా, ఇంత నిశ్శబ్దాన్ని వృథా పోనివ్వకూడదని నేను నోరు తెరిచాను. మంచి మాటే దొరికింది.

అక్క అరచెయ్యి కిందికి తిప్పి గాలిలో నొక్కింది.

గల్లీ అవతల నుంచి లీదియా కూడా నొక్కింది. జాళీ సందులోంచి ఆ చెయ్యి, వేళ్లతో సహా, స్పష్టంగా కనబడింది.